అల్వాల్ ఇంటి రికార్డింగులు

అల్వాల్‌లో సలోమి ఇంటి ముందుగది. ఆమె భర్త, జాజ్ పియానిస్టు రిచర్డ్, పోయి రెండేళ్లయింది. చివరి రోజుల్లో ఈ గదిలోనే రికార్డు చేసి పెట్టుకున్న పాటలను ఆయన శిష్యుడు జెఫ్రీ నిన్న సాయంత్రం ఆల్బంగా విడుదల చేశాడు. సలోమి ఆ సభకు వెళ్లలేదు. పొద్దున్నే అతనే కేకు పట్టుకొని వచ్చాడు.

“...హాలంత నిండిపోయింది ఆంటీ. నిలబడి విన్నరు. మీరు రావాల్సుండె.”

“మోకాళ్లు సహకరించలే జెఫ్రీ. ఏం మాట్లాడినవో చెప్పు, వింట.”

“ఏముంది, సార్ గురించే.”

“అదే చెప్పు. ఆయన గురించి ఎవరన్న మాట్లాడంగ విని శానా రోజులాయె.”

“హోటల్ల సార్ పియానో వాయిస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నది చెప్పిన. సార్ తర్వాత ఆ స్టూల్ మీద నేను కూసున్నది—”

“సార్ తర్వాతనా?”

“అంటే... సార్ మానేసినంక.”

“మానేసిండా ఆయన?”

“పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు ఆంటీ.”

“నేనేం అంటలే. ముసలాయన చెయ్యి వణుకుతుంది, గెస్టులు నవ్వుతున్నరని మేనేజర్ చెవుల ఎవరో వేసిన్రు. ఎవరో నాకేం తెలుసు.”

“...చాయ్ బాగుంది ఆంటీ.”

“తాగు. తర్వాత?”

“తర్వాత ఈ రికార్డింగులు ఎట్ల చేసిన్రని అడిగిన్రు. పేపర్ల రాసేటామె వచ్చింది, నీహారిక అని. ఆమె మస్తు అడిగింది.”

“ఏం చెప్పినవ్?”

“అంటే... సాయంత్రాలు వస్తుంటి, సార్ పక్కన కూసుంటుంటి, రికార్డర్ బటన్ నేనే నొక్కుతుంటి అని.”

“గట్ల చెప్పినవా.”

“జనానికి ఒక కథ కావాలె కద. లేకుంటె ఎవరు వింటరు? సార్ పేరు కోసమే చెప్పిన.”

“ఆయన ఇంట్ల పడ్డంక ఒక్కనాడన్న ఈ గడప తొక్కినవా?”

“బిజీ ఉంటి. తప్పే. కాని మనసంతా ఇక్కడ్నే ఉండె.”

“సరే. వాయించుడు గురించి ఏమన్నవ్? అది చెప్పు.”

“అదైతే గుండెలకెల్లి చెప్పిన. మూడో పాటల ఎడమచెయ్యి వినున్రి, గా బరువు, గా నిదానం సార్‌కు తప్ప ఇంకెవరికీ రాదన్న. సార్ చెయ్యి వణుకుతదని అన్నోళ్లు ఇది విని సిగ్గుపడాలె అన్న.”

“నువ్వే అన్నవా ఆ మాట?”

“నేనే.”

“మంచిగ చెప్పినవ్.”

“ఇంకా టేపులు ఉన్నయా ఆంటీ? రెండో ఆల్బం చేద్దాం. మూడో పాట నడుమ చర్చి పాట లెక్క ఒక మలుపు వస్తది చూడున్రి, సార్ ఆఖరికి దేవుని దగ్గరికి తిరిగొచ్చిండని చెప్పిన. కొందరైతే ఏడ్చిన్రు.”

“ఎంత దాసినా బయటపడతది అది. ఏండ్ల తరబడి చర్చిల వాయించిన చేతులు.”

“సార్ చర్చిల వాయించలే కద? చర్చిల మీరు కద...”

“నేనే.”

“అర్థం కాలే ఆంటీ.”

“హోటలోళ్లు వద్దన్న నాటినుంచి ఆయన పియానో ముట్టలే జెఫ్రీ. ఆ వెనక పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి లేవనే లేదు, నువ్వొస్తే కనపడుతుండె. పాటలు ఆయనవే. పక్కన కుర్చీల కూసొని నోటితోటి పాడేటోడు, తప్పు పోతే మంచి చెయ్యితోటి నా మోకాలి మీద కొట్టేటోడు. వాయించింది నేను.”

“మజాక్ చేస్తున్నరు.”

“పక్కింటి విమలమ్మ రోజూ గోడ మీదికెల్లి చూసేది. పోయి అడుగు.”

“మరి టేపులు ఇచ్చేటప్పుడు చెప్పలేదేంది?”

“సార్ టేపులు ఇయ్యున్రి అన్నవ్, ఇచ్చిన. ఎవరు వాయించిన్రని అడిగినవా?”

“ఆంటీ, జెర ఆలోచించున్రి. ఇది బయటికి పోతే నా పని ఖతం. పక్కన కూసున్న అని చెప్పిన. మైకుల చెప్పిన.”

“తెలుసు. పొద్దున పేపర్ల చదివిన.”

“చదివి... చదివి సుత నన్ను అడుగుతున్నరా?”

“నీ నోటితోటి వినాలనిపించింది.”

“నీహారికకు ఫోన్ చేసి నేనే ఏదోటి సర్దిచెప్త—”

“వస్తున్నదామె. నేనే రమ్మన్న. వాయించి చూపిస్త అన్న.”

“మీరు మనసుల గింత పగ పెట్టుకున్నరని నేననుకోలే. సార్ ఉంటే గిట్ల కానియ్యకపోతుండె. ఆయనది బంగారం లాంటి మనసు.”

“పిచ్చోడా, నాకు ఇంత తెలివి ఎక్కడిది? రికార్డర్ కొనుక్కరమ్మన్నదే ఆయన. ‘నేను పోయినంక వాడు వస్తడు సలోమీ. అడగంగనే ఇచ్చెయ్, ఏం చెప్పకు. నా చెయ్యేదో నీ చెయ్యేదో వాడు పోల్చుకోలేడు, నోరు సుత ఆపుకోలేడు’ అన్నడు.”