ఏడడుగుల ఆయం

"కారు తలుపు తెరుచుకోలేదు మే! జానెడు వచ్చి గుంజకు తగులుతాండాది!"

హిందూపురం పొలిమేరలో కొత్త కట్టెల షెడ్డు. లోపల కారు, కారులో ముత్యాలప్ప. బయట అతని భార్య నాగజ్యోతి, పెనుకొండ బడిలో టీచరు. నెల రోజులు చెమటోడ్చి తన చేతులతోనే కట్టుకున్న షెడ్డు కాబట్టి, ముత్యాలప్పకు తిట్టడానికి ఎవరూ దొరకడం లేదు.

"గట్టిగా తొయ్యొద్దప్పా, గుంజ కదుల్తాది."

"కదలదు! రెండడుగుల గుంత తీసి కాంక్రీటు పోసినా. నీలగిరి గుంజలు, మూలమూలకూ అడ్డకట్టెలు, బోల్టులు. ఏనుగొచ్చి గుద్దినా కదలదు."

"అయితే నువ్వు గుద్దినా కదలదు."

"నగతాండావా?"

"లేదే. ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకో."

"పీల్చినా."

"ఇంకా పీల్చు."

"ఇంగ పీల్చేదానికి లోపల చోటు యాడుండాది! నేను మొదట్నే చెప్తి, వెడల్పు తొమ్మిదడుగులని. ఫోన్ వీడియోలో గుడక తొమ్మిదే. నువ్వే వాస్తు, ఆయం అంటివి."

"నేను కాదు, సిద్ధాంతి అన్యాడు. తొమ్మిదైతే ఇంటి యజమానికి గండమంట, ఏడైతే లాభమంట."

"కారు నిలబెట్టేదానికి ఆయమేందని అడగకపోతివా?"

"ఏడడుగులు మంచిదే గదప్పా. మన పెండ్లిలో గుడక ఏడే నడిస్తిమి."

"అందుకే ఇట్లయ్యింది!"

"సరే, రివర్సులో వచ్చెయ్. బయట దిగి అరుద్దువు."

"...దిగితి. చూడు, చొక్కా గుండీ గుడక పాయె. రేపే దీన్ని విప్పేస్తా. మల్ల తొమ్మిదడుగులకు కడ్తా."

"విప్పు. పొద్దున్నే వడ్రంగి దాసప్ప వస్తాండాడు గదా, సుత్తి ఆయప్ప చేతికే ఇస్తే సరి."

"దాసప్పా?"

"నువ్వే గదా పిలిచింది. 'వడ్రంగి లేకుండా ఎట్ల కట్టినానో వచ్చి చూడప్పా, టెంకాయ కొట్టి పోదువు' అని, వీధంతా వినేట్టు."

"పిల్చినా... పిల్చినా. ఆయప్ప ముందర కార్లోంచి దిగలేకపోతే..."

"ధర్మవరం దాకా చెప్పుకొని నగుతాడు."

"నువ్వు ఇప్పుడే నగతాండావు."

"ఏదీ, ఆ కారు బీగాలిట్లియ్యి. నేను లోపల పెట్టి చూస్తా."

"గీస్తావు!"

"ఎడమ పక్క నువ్వు గీసింది నేను చూడలేదనుకున్యావా? ఇయ్యి. లైసెన్సొచ్చి రెండేండ్లాయె, స్టీరింగు ముట్టుకోనీలేదు. 'షెడ్డు కట్టనీ, అప్పుడు తోలుదువులే' అంటివి. దినామూ పెనుకొండ బస్సులో నిలబడుకొని పోతాండా నేను."

"అది... ఏదో మాటకంటి."

"నేను ఆ మాటే పట్టుకున్యా. ఇయ్యి."

"నిదానం! కుడికి... కాదు, ఎడమకు... ఆ, ఆ. నిలుపు! సరిగ్గానే పెట్టినావే. ఇంగ దిగు, చూస్తాం... ఏమ్మే! బయటికెట్లొచ్చినావు?"

"దిగి."

"అదే, ఎట్ల?"

"కాలు పెట్టి."

"అయ్యో నా కర్మ. నెల దినాలు మే! చేతులు చూడు, ఎన్ని బొబ్బలో. నా షెడ్డులో నా కారు ఉండాది, నేనే పట్టను."

"బాగనే కట్టినావప్పా, ఒట్టు. గుంజలన్నీ నిట్టనిలువుగా ఉండాయి. నాకే ఆశ్చర్యమైతాంది. రేపు నేను లోపలికి తోల్తా, నువ్వు మేస్త్రీ మాదిరి బయట నిలబడుకొని చెయ్యి చూపిచ్చు. దాసప్పకు నోరు పెగల్దు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి నుంచి బడికి తోలుకొని పోతా. లోపల పెట్టి దిగేది నాకైతేనే అయితాది గదా."

"ఊఁ... సరే పో. బీగాలు నీ దగ్గరే ఉండనీ. కానీ ఆ సిద్ధాంతి నంబరియ్యి. ఏడడుగులని యాడ చూసి చెప్పినాడో అడక్కుండా వదల్ను."

"పాపం, ఆయప్పనేమీ అనొద్దు. నేను ఆయప్పకు ఫోనే చేయలా. అప్పుడొక మధ్యాన్నం నువ్వు గురక పెడతాంటే, నీ పొట్ట మందం టేపు పెట్టి చూసి, ఏడని నేనే చెప్పినా."