గొట్టంలో మిగిలిన గొంతు

రెండు వేల పదకొండు, వేసవి. టీ కొట్టు ముందు బల్ల మీద మైకు మామకు ఎడమపక్కన ఎప్పుడూ ఒక పాలక్యాను ఉంటుంది. అక్కడ ఎవరూ కూర్చోకుండా కొట్టు నడిపే చెల్లెలే దాన్ని పెడుతుంది. ఆ పూట కడగడానికి తీసింది. బట్టల కొట్టాయన వచ్చి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. మర్నాడు కొత్త పార్టీ మొదటి సభ, మైకు సెట్టు ఎవరిది పెట్టాలో తేల్చేది ఆయనే. మామకు రెండేళ్ళుగా పని లేదు.

అందుకే పాత పార్టీ కథ ఎత్తుకున్నాడు.

"పార్టీ పెట్టిన పెద్దాయన మొదటి సభకు నలభై మంది. గొంతు చూస్తే పీల. నేను మైకు గొట్టాన్ని కాస్త పక్కకు తిప్పాను, అంతే, వీధి చివర ఇస్త్రీ చేసుకునేవాడు పెట్టె వదిలేసి వచ్చాడు."

అంతవరకు నిజమే. చెల్లెలు కూడా తల ఊపింది.

పన్ను తగ్గిస్తాను, కొట్టు పెట్టుకున్నవాడి జోలికి ఎవరినీ రానివ్వను, పాతది కూల్చకుండా కొత్తది కడతాను అనేవాడట పెద్దాయన. రెండో సభకు ఆ మాటలు సరిహద్దు నది దాటాయట. మూడోదానికి అవతలి దేశపు పడవవాళ్ళు తెడ్లెత్తి జై కొట్టారట, ఇక్కడ ఓటు లేకపోయినా. ఎన్నికలనాటికి జనం సభలకు రావడమే మానేశారట. పడుకున్నవాళ్ళ కలల్లోకే మామ ఆ గొంతును దూదిలా మెత్తగా పంపితే, పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వెళ్ళి అందరూ ఒకే గుర్తు మీద వేసొచ్చారట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాయన పోయాడు. ఉన్న పదకొండేళ్ళలో ఇంకొకడి చేతికి మైకు ఇచ్చిన పాపాన పోలేదు. ఆయన స్థానంలోకొచ్చిన చిన్నాయన లేచి మాట్లాడితే, ఎవరిదే ఆ గొంతు అని సొంత పెళ్ళామే పక్కింటావిడను అడిగింది."

"మరి పార్టీ ఇంకో ఏడాది నడిచిందిగా?" అన్నాడు కుడిపక్క మంగలి.

"గొట్టాల్లో మిగిలిన గొంతుతో నేనే నడిపాను. తెల్లవారుజామున గొట్టం వంచితే మంచులా చుక్క చుక్కగా కారేది. మంత్రులు చెంబులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. చుక్క నాలుక మీద వేసుకుంటే ఒక ఉపన్యాసం. చివరి గొట్టంలో ఒక్క దగ్గు మిగిలింది. దానికోసం రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఆ దగ్గుతో పార్టీ సరి."

మామ కళ్ళు మూసుకున్నాడు. తెల్లటి పొగమంచులో గొట్టాలన్నీ ఉమ్మెత్తపూలలా వంగి ఉన్నాయి, వాటి కింద తానొక్కడే తిరుగుతున్నాడు.

"ఇప్పటికీ అంతే. ఆకు కదిలినా నాకు తెలుస్తుంది. గాలిలో ఎవరి మాట ఎక్కడుందో పట్టేస్తాను."

చెల్లెలు కడిగిన క్యానుతో గుమ్మంలోనే ఆగిపోయింది. బట్టల కొట్టాయన లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి మామ ఎదుట నిలబడ్డాడు.

"మామా, రేపు ఎన్నింటికి వస్తావని పక్కనే కూర్చుని మూడుసార్లు అడిగాను."

మంగలి గ్లాసులోకి నవ్వాడు. మామ చాలాసేపు ఎదుటివాడి పెదవులకేసి చూశాడు.

"ఏడింటికి," అన్నాడు.

బట్టల కొట్టాయన ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. మర్నాటి సభకు వేరేవాడి సెట్టు పెట్టారు. పదకొండేళ్ళు గొట్టాల కింద నిలబడినందుకు మామకు ఎడమ చెవి పోయింది.