షుమెవు వేసిన కేక

ఇబీసా దీవిలో దక్షిణాన నాట్యశాలలు తెల్లవార్లూ మోగుతాయి. ఉత్తరాన కొండమీది ఊళ్లో, ఎవులారియా సారా కొట్టు ముందు, షుమెవు నోరే మోగుతుంది. ఆ సాయంత్రం మరీ మోగింది. ఎందుకో అందరికీ తెలుసు. ఆదివారం తనతో కొండ వెనక రేవుకి షికారు రమ్మని ఎవులారియాని అడిగాడు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆవిడ అవుననలేదు, కాదనలేదు, గ్లాసులు తుడుస్తోంది.

"మొన్నామధ్య సముద్రపు సోంపాకు కోద్దామని చరియ దిగాను," అన్నాడు షుమెవు, మూలికల సారా ఓ గుక్క వేసి. "సగంలో కాలికింద రాయి జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డావు," అన్నాడు రొట్టెల బట్టీ రఫెల్.

"పడితే ఇక్కడెందుకుంటాన్రా? అడవిమేక కొమ్ము దొరకబుచ్చుకున్నాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, వీపు మీద ఎక్కించుకుంది. ఇక ఒకటే గెంతులు, ఈ కొండ మీంచి ఆ కొండకి, కింద పడవల్లో టూరిస్టులు నోళ్లు వెళ్లబెట్టి చూస్తుండగా, తీసుకెళ్లి ఓ గుహ ముందు దింపింది. మనిషి అడుగుపెట్టని గుహ. లోపలంతా సముద్రపు దొంగలు దాచిన ద్రాక్షసారా పీపాలు."

"మనిషి అడుగుపెట్టలేదన్నావు కదా మావా?"

"దొంగలు మనుషులేంట్రా, మధ్యలో నీ గోల. రెండు పీపాలు ఖాళీ చేసి బయటికొచ్చి, మన తాతలు కొండకీ కొండకీ పిలుచుకున్న కేక ఒకటి వేశాను. అది కొండలు దాటి, ఉప్పుమళ్లు దాటి, సరాసరి నాట్యశాలలో దూరింది. పాటలు పెట్టే కుర్రాడు యంత్రం కట్టేశాడు. రెండ్రోజులు జనం నా కేకకే గంతులేశారు. మూడోనాడు ప్రతిధ్వని తిరిగొచ్చింది. ఎలా వచ్చిందనుకున్నావ్? డప్పులు వేసుకుని వచ్చింది."

అందరూ పడీ పడీ నవ్వారు. షుమెవు ఓరకంట చూశాడు. ఎవులారియా కూడా నవ్వుతోంది. అతని ప్రాణం లేచొచ్చింది.

"ఆ కేక నేనూ విన్నాను," అంది ఆవిడ.

"అదిగో, ఆవిణ్ణే అడగండి."

"గుహ దగ్గర్నించి కాదు, మా పెరట్లో కరోబు చెట్టు మీంచి. కింద మా కుక్క మొరుగుతోంది. కేకలో మాటలు కూడా వినబడ్డాయి. 'ఎవులారియా, దీన్ని పిలు, నీకు పుణ్యముంటుంది' అని."

రఫెల్‌కి పొలమారింది. షుమెవు మొహం కందగడ్డయింది.

"మీ పెరటి వెనక నుంచి రేవుకి దారి ముందుగా చూసుకుందామని బయల్దేరాను," అన్నాడు మెల్లిగా. "నిన్ను తీసుకెళ్తూ తప్పిపోతే బాగోదని."

ఎవులారియా అతని గ్లాసు నింపింది.

"ఆదివారం వస్తాను. దారి నేను చూపిస్తా. కుక్కని కట్టేసే వస్తాలే."