ఊరి స్వభావానికి తగని బండి

కూర్చో తారా. ఆ ఫోల్డర్ అలా టేబుల్ మీద పెట్టెయ్, ముందు కాఫీ తాగు. అందులో పాత పిటిషన్ ఉందని తెలుసులే, దాని దగ్గరికీ వద్దాం. రేపు పడవలు ఆగే పియర్ దగ్గర అంజయ్య పేరుతో ఇత్తడి పలక పెడుతున్నారు, అతన్ని ఎరిగినవాణ్ణని నన్ను మాట్లాడమన్నారు. ఏం చెప్పాలో నిన్నట్నుంచీ తేలట్లేదు. ఇంతలో మీ హిస్టరీ సొసైటీ వాళ్లు నిన్ను నా మీదికి తోలారు. బానే ఉంది.

ఈ శాన్ టెల్మో ఉంది చూశావూ, ఇది ఊరు కాదమ్మా, ఫోటో. ఉన్నవి రెండు వీధులు, పదకొండు కమిటీలు. నేను మోటెల్ కొన్న కొత్తలో బోర్డుకి నీలం రంగు వేయిస్తే, ఆ నీలం కాదు ఈ నీలం అని ఒకావిడ రంగుల కార్డు పట్టుకొచ్చింది. మూడుసార్లు వేయించాను. చేపల ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ కంపు కంపు అని ముక్కు మూసుకున్నవాళ్లే, అది మూతపడ్డాక దాని తుప్పు గొలుసు తెచ్చి సిటీ హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. పని చేసుకునే మనుషులంటే గిట్టదు గానీ, వాళ్లు పోయాక మాత్రం మహా ప్రేమ. ఏం చెప్తున్నాను? ఆఁ, అంజయ్య.

నల్లగొండ వైపువాడు. ఓడలో వంటవాడిగా వచ్చాడు, ఫ్యాక్టరీలో చేపలు కోశాడు, అది పోయాక పియర్ మీద బజ్జీల బండి పెట్టాడు. మిరపకాయ బజ్జీ, స్క్విడ్ బజ్జీ, పిండిలో వాము నలిపి వేసేవాడు. పొద్దున్నే పడవలు దిగినవాళ్లంతా అంజీ, అంజీ అంటూ బండి చుట్టూనే. నేనూ పోయేవాణ్ణి. నాకు మాత్రం విడిగా ఒక ప్లేటు, చల్లారకుండా మూతపెట్టి. "అన్నా, నీది పక్కకు పెట్టిన" అనేవాడు.

తర్వాత గ్యాలరీలొచ్చాయి, వైన్ షాపులొచ్చాయి. నూనె వాసన వాళ్ల బొమ్మలకి పట్టేస్తోందట. బండి ఊరి స్వభావానికి తగదని పిటిషన్ రాశారు. రేపటి పలక మీదేం రాశారూ, నీ ఫోన్లో ఉందిగా, చదువు. అదీ, ఊరి స్వభావాన్ని తీర్చిదిద్దిన మనిషట. ముప్పై ఐదేళ్లకి తగాడన్నమాట. చచ్చిపోతే చాలు, ఇక్కడ ఎవడైనా తగుతాడు.

నవ్వకు, ఇంకా ఉంది. సిటీ కౌన్సిల్లో మాట్లాడ్డానికి మూడు నిమిషాలిస్తారు కదా, పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం. అతనికి ఉపన్యాసం ఎక్కడొచ్చు? ప్లేట్లు పట్టుకెళ్లి కౌన్సిల్లో ఉన్న ఐదుగురికీ బజ్జీలు పంచాడు. దానికే మూడు నిమిషాలూ అయిపోయి ఎర్ర దీపం వెలిగింది. శుభ్రంగా తిన్నారు. మేయరమ్మైతే వేళ్లు కూడా నాకింది. తిని, బండి తీసెయ్యమని ఓటేశారు, ఐదుకి ఐదుగురూ. ఒకాయన నములుతూనే చెయ్యెత్తాడు.

ఓటుకి ముందు క్లర్కు సంతకాలు పెట్టినవాళ్ల పేర్లు చదివాడు. తియ్యి ఆ ఫోల్డర్. మూడో పేరు చూడు.

నేనే. రాధాకృష్ణ, సీ బ్రీజ్ మోటెల్. ఆ రంగుల కార్డు ఆవిడే, యాపిల్ పై అని వాళ్ల తీపి వంటకం చేసి తెచ్చింది. మోటెల్ కొన్న మూడేళ్లలో ఊళ్లోవాళ్లెవరూ మా గుమ్మం ఎక్కలేదమ్మా. వచ్చి కూర్చుని, మన ఊరు అంది. నన్ను కూడా కలుపుకుని మన అంది. మీ శశికళ ఆంటీ లోపల్నుంచి వద్దండీ, వద్దండీ అంటూనే ఉంది. చదవకుండా సంతకం పెట్టేశానని మీ ఆంటీకి చెప్పాను. చదివే పెట్టాను. సిగ్గులేకుండా ఆ మీటింగుకి కూడా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

ఓటయ్యాక అతను ఖాళీ ప్లేట్లన్నీ ఏరుకుని, సరాసరి నా దగ్గరికొచ్చాడు. నా పేరు విన్నాడు, హాలంతా వింది. తిడతాడనుకున్నాను. చేతిలో మూతపెట్టిన ప్లేటు.

"అన్నా, నీది పక్కకు పెట్టిన."

వారంలో ఊరొదిలి పోయాడు. మళ్లీ చూళ్లేదు.

రేపు నాకూ మూడు నిమిషాలే ఇచ్చారు.

నీ కాఫీ చల్లారిపోయినట్టుంది. ఇటివ్వు, వేడి చేసుకొస్తాను.