కంచె పీకిన మేనత్త

ఏంటి తల్లీ, అడవి ఆరోగ్యం చూసే ఉద్యోగమా? మీ నాన్న ఏమో అదేదో కొత్త వింతలా చెబుతున్నాడు. మన ఇంట్లో ఆ పిచ్చి ఎప్పటినుంచో ఉంది. మా మేనత్త, అదే, మా నాన్న చెల్లెలు, అడవి ఆఫీసరు. నువ్వు పుట్టకముందే పోయిందిలే. పొద్దున్నే కొండవాలు మీదికి వెళ్ళేది. రాలిన ఆకులు పక్కకి నెట్టి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసేది. వాగులో రాళ్ళు తిప్పి కింద పురుగులున్నాయా అని చూసేది. పురుగుంటే నీళ్ళు మంచివని మురిసిపోయేది, ఏం మనిషో! సాయంత్రం మా మామయ్య, 'ఏమే, నీ రోగికి ఎలా ఉంది?' అనేవాడు. 'కాస్త తేరుకుందండీ' అనేది, నిజంగానే. 'నాకు జ్వరమొచ్చినప్పుడు నా నుదురైనా ముట్టుకోలేదు మహాతల్లి' అని నా దగ్గర గునిసేవాడు. పాపం, బంగారంలాంటి మనిషి, ఆయన సంగతి ఇంకోసారి చెబుతా. ఎక్కడున్నాం? ఆఁ, కొండవాలు.

ఊరు తాగే వాగు పుట్టేది అక్కడేనమ్మా. చెట్లు పోతే వాగు పోతుంది, వాగు పోతే ఊరు పోతుంది, అదీ ఆవిడ భయం. అందుకని వాలు చుట్టూ ముళ్ళకంచె వేయించింది. మేకలు రాకూడదు, గడ్డి కోసేవాళ్ళూ రాకూడదు. మేకలాయన భార్య దొంగచాటుగా దూరితే కొడవలి లాక్కుంది కూడా. మొదట్లో అంతా భేష్ అన్నారు. గడ్డి కోసేవాళ్ళు లేరు కదా, నిలువెత్తు పెరిగింది, ఎండాకాలానికి ఎండి గలగలలాడింది. ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. అంతే, సగం వాలు బొగ్గయిపోయింది. అత్త మసి మొహంతో వంటింట్లో చతికిలబడి, 'కంచే చేను మేసిందిరా' అంది. పైవాళ్ళేమో రెండో కంచె కూడా వేయమన్నారు. ఈవిడ వింటేనా? వైర్లు కోసే కత్తెర జీపులో పడేసి, 'పద' అంది. నడిపింది నేనే.

తిన్నగా మేకలాయన ఇంటికి. లాక్కున్న కొడవలి సాన పట్టించి మరీ తెచ్చింది. ఆయన భార్య మొహం తిప్పుకుని, 'ఇప్పుడు గుర్తొచ్చామా?' అంది. నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. వాళ్ళు రాకపోతే మళ్ళీ ఎండాకాలానికి మిగిలిన సగమూ పోతుందని అత్తకి తెలుసు. గడపలోనే నిలబడి, 'నాదే తప్పు. మీ మేకలు తినాల్సిన గడ్డి నిప్పుకి తినిపించాను. వచ్చి కోసుకుపోండి. మేకల్ని మాత్రం లోపలికి తోలకండి, మొక్కలు బతకాలి' అంది. మేకలాయన గడ్డం గోక్కుంటూ, 'గడ్డి కోస్తే నిప్పు ఆగుతుందని మేమూ అనుకోలేదమ్మా. మా కడుపుమంటే మాకు కనిపించింది' అన్నాడు. పెద్దమనిషి. భార్య మాత్రం కొడవలి అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అత్త వాళ్ళ ఎదుటే కంచె కోసేసింది, చేతులు గీరుకుపోయాయి.

వానలయ్యాక వెళ్ళి చూద్దుం కదా, గడ్డి మధ్య ఎక్కడ చూసినా ఎర్రగా ఏవో. దగ్గరికి వెళ్తే, మొలిచిన ప్రతి చిన్న మొక్కకీ ఎర్ర గుడ్డముక్క, కొడవలికి తెగకుండా గుర్తు! మంచి మందపాటి దుప్పటి అది, చలికాలం కప్పుకునేది. మేకలాయన భార్యే చింపి కట్టింది, మొహం తిప్పుకున్నావిడే; అక్కడే గడ్డి కోస్తోంది. 'ఏవైనా పాతగుడ్డలు కట్టలేకపోయావా?' అంది అత్త. 'పాతవి వెలిసిపోయాయి, గడ్డిలో కనపడవు. తెలియక ఎవరైనా కోసేస్తే? మా మొక్కలమ్మా అవి' అంది.

మా మొక్కలట. విన్నావా? అత్త వంగి, వదులైన ఓ ముడి బిగించింది. ఊఁ... సరేగానీ, ఆ కిటికీ కాస్త వెయ్యి తల్లీ, గాలి కొడుతోంది.