బుడంకాయ గుడ్డలు

తల్లిలేని మనవరాలిని పుట్టిన్నాటి నుంచీ అమ్మమ్మే పెంచింది. ఇవాళ బిడ్డని తీసుకెళ్ళడానికి అల్లుడి రెండో భార్య పైకొచ్చింది. అల్లుడు మహానుభావుడు మాత్రం కింద వ్యాన్ పక్కనే నిలబడిపోయాడు.

“...ముందు చన్నీళ్ళలో జాడించి, ఆ తర్వాతే సబ్బు. చివరి నీళ్ళలో ఈ లిక్విడ్ రెండు మూతలు పొయ్యాలి. రెండు. మర్చిపోకు.”

“బట్టల్ని మెత్తగా చేసేదే కదండీ ఇది? గుడ్డ డైపర్లకి వాడకూడదని ఎక్కడో చదివాను అత్తయ్యగారూ.”

“రాసినవాళ్ళు వచ్చి ఉతికారా ఏంటి? నేను చెప్తున్నాగా. పొయ్యాల్సిందే.”

“సరేనండీ. రెండు మూతలు.”

“మడత గుడ్డ ఇలా లోపలికి దూర్చాలి. తొడ దగ్గర వేలు పట్టేంత వదులు ఉంచి బొత్తాలు పెట్టాలి. మరీ బిగిస్తే మా బుడంకాయ ఊరుకోదు, ఇల్లు పీకి పందిరేస్తుంది.”

“ఈ బాతుల బొమ్మలది ఎంత ముద్దుగా ఉందో! మీరే కొన్నారా?”

“మా అమ్మాయి కొంది. నిండు నెలల్లో, పొట్ట మీద ఫోన్ పెట్టుకుని ఏరింది. బాతులా, మబ్బులా, బాతులా, మబ్బులా అని నా ప్రాణం తోడేసింది. ఏదో ఒకటి తీసుకుని చావవే, అందులో పొయ్యబోయేది ఉచ్చే కదా అన్నాను. ఈ పాడు నోటితోనే అన్నాను.”

“అయ్యో...”

“కొత్తవి నాలుగైదుసార్లు ఉతికితేగానీ తడి పీల్చవట. తనే ఉతికి ఆరేసి ఆసుపత్రికి బయల్దేరింది. దండెం మీంచి తీసింది మాత్రం నేను.”

“అత్తయ్యగారూ...”

“సర్లే, ఇప్పుడా మాటలెందుకు. మరక పోవాలంటే ఎండని మించింది లేదు. మా కిటికీలో పొద్దున్నే పడుతుంది చూడు, అలాంటి ఎండ. మీ ఇంట్లో అంత ఉండదు. ఎదురు మేడ అడ్డం.”

“...ఉండదండీ.”

“అవునూ, అల్లుడు పైకి రాడేం? మొహం చాటేస్తున్నాడా?”

“లేదండీ. సామాన్లున్నాయి కదా, వ్యాన్ దగ్గర...”

“చూశాను. ఒక ఉయ్యాలకీ, ఒక గుడ్డల మూటకీ అంత వ్యానెందుకు?”

“అదీ... ఆయన మీతో మాట్లాడానన్నారే. మాట్లాడలేదా?”

“మొన్న ఫోన్ చేశాడు. తీసుకెళ్తా అన్నాడు. ఇంకేం మాట్లాడాలి? నాలుగు స్టాపులు బస్సెక్కితే మీ ఇల్లే. ఇదిగో, ఈ గుడ్డలు కారినా, నీకు విసుగొచ్చినా, ఒక్క ఫోన్ కొట్టు. పరిగెత్తుకొస్తా. కాదంటే పిల్లని తెచ్చి ఇక్కడ దింపెయ్. నేనేమీ అనుకోను.”

“అయ్యో, విసుగెందుకొస్తుందండీ?”

“వస్తుంది. నీ తప్పని కాదు. కారితే ఎవరికైనా వస్తుంది.”

“అదిగో, తడిపేసింది! ఈసారి నేను మార్చనా? ఇలా దూర్చి... ఆగవే బుజ్జీ, ఆగు... బొత్తం... వేలు పట్టేంత... సరిపోయిందాండీ?”

“...సరిపోయింది.”

“నవ్వుతోంది చూడండి! అత్తయ్యగారూ, దీని ఒంటి మీద ఒక్క ఎర్ర మచ్చైనా లేదు. ఎంత అపురూపంగా పెంచారండీ! నాకు భయంగా ఉంది, మీ అంత బాగా చూస్తానో లేదోనని. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తాను. చివరి నీళ్ళలో రెండు మూతలు...”

“పొయ్యకు.”

“ఆఁ?”

“పొయ్యకు. ఆ సీసా ఇలా ఇచ్చెయ్. అది పోస్తే గుడ్డకి జిడ్డు పట్టి తడి పీల్చదు. నువ్వు చదివిందే నిజం.”

“మరి... అలా ఎందుకు చెప్పారండీ?”

“ఎందుకా? కారుతుందని. పక్కలన్నీ తడుస్తాయని. నీకు ఒళ్ళు మండి, వారం తిరిగేలోపు నా బుడంకాయని నాకు తెచ్చిచ్చేస్తావని. అదీ నా తెలివి! దాని ఒళ్ళు ఒరుసుకుపోతుందని తెలిసి కూడా చెప్పాను, పాపిష్టిదాన్ని... నువ్వెందుకే ఏడుస్తున్నావు? నీకేమొచ్చింది?”

“మేం ఆ ఇంటికి వెళ్ళట్లేదమ్మా. ఆయనకి వేరే ఊరికి బదిలీ అయింది. కింద ఉన్న సామానంతా ఆ ఊరికే. రైల్లో వెళ్ళినా రెండు రోజుల దారి. మీకు చెప్పేశానన్నారు నాతో. కారినా... నేను తెచ్చివ్వలేనమ్మా. ఏదో ఒకటి అనండమ్మా. పోనీ, తిట్టండి.”

“గుడ్డలు ఆరాలి కదా... ఆ ఊళ్ళో ఎండ కాస్తుందా, తల్లీ?”