ఐలవ్వ కార్డు మీది ఆపరేషన్

గోదావరిఖని. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటరు. లోపల ఆరోగ్యమిత్ర మమత, బయట వాళ్ల పక్కింటి ఐలవ్వ.

"నీకు గర్భసంచి లేదని చూపిస్తుంది పెద్దమ్మా."

"లేకుంటె గీ రక్తం యాడికెల్లి వోతుంది బిడ్డా? మల్లొక్కసారి కొట్టి సూడు."

"నిన్నటి సంది ఎన్నిసార్లు కొట్టినా గదే. మూడేండ్ల కింద నీ కార్డు మీద ఆపరేషన్ చేసి తీసేసిన్రట. తీసేసిన సంచిని మల్ల తీస్తమంటే సర్కారు ఒప్పుకుంటదా?"

"కంప్యూటర్ల తప్పు వడ్డదేమో."

"తప్పేం లేదు. ఏలిముద్ర నీదే ఉంది."

"మంచినీళ్లున్నయా బిడ్డా? నోరు ఎండుకపోతుంది."

"ఇగో తాగు. తాగి చెప్పు. ఎవ్వలకిచ్చినవ్ కార్డు?"

"ఎవ్వలకిస్త? పెట్టెలనే ఉంటది."

"పెద్దమ్మా!"

"ఇచ్చిన తియ్. ఇచ్చిన. ఒకామె సచ్చేటట్టుండె. నేను ఏలు వెట్టి బయటికొచ్చిన, ఆమె పోయి మంచం మీద పండుకున్నది. గంతే."

"గంతేనా? డాక్టర్ సారేమన్నడో ఇన్నవా లేదా? అది కాన్సర్ గడ్డ. జల్ది తియ్యకుంటె లోపలంత పాకుతదన్నడు."

"ఇన్న."

"పైసలు వెట్టి చేయించుకుంటవా?"

"మీ పెదనాయిన బొగ్గు ఓపెన్‌కాస్టుల కంట్రాక్టు డ్యూటీ చేసేటోడు. నవ్వులాటనా?"

"మరి పేరు చెప్పు. గామె ఎవ్వలో తెలిస్తే నీ సంచి నీ కడుపులనే ఉందని రుజువైతది. నీ కార్డు సాఫయితది."

"స్కానింగ్ ఉంది కద. గది సూపెడ్దం."

"సూపెడితె మరి గా ఆపరేషన్ ఎవ్వలదని అడుగుతరు. మల్ల ఆడికే వస్తది."

"చెప్తె ఆమెనేం జేస్తరు?"

"కేసు వెడ్తరు. ఆమె ఫికర్ నీకెందుకు?"

"అయితె వద్దు. ఇంటికి వోత. ఏదన్న పసరు మందు తాగుత."

"కూసో! యాడికి పోతవ్? గామె సిగ్గుశరం లేని ముండ! నీ పేరు మీద పానం దక్కించుకొని, ఇయ్యాల నువ్వు సస్తుంటె ఇంట్ల సల్లగ కూసున్నదా?"

"తిట్టకు బిడ్డా. నీ నోటితోని తిట్టకు. నాకు గీ రోగమని ఆమెకు తెల్వదు. నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఉరికొచ్చి తనే ఒప్పుకుంటది. అసొంటి మనిషి."

"ఒప్పుకోనీయ్! నీ పానం కంటె ఎక్కువనా ఆమె?"

"నాకు బుగులు వెట్టకు బిడ్డా. నాకు బతకాల్నని లేదా? రాత్రంత కండ్లు మూత వడ్తలేవు. గని ఆమె పేరు నా నోట్లకెల్లి రాదు."

"సరే, నువ్వు చెప్పకు. నిన్న కంప్యూటర్ల సూడంగనే నాకు అనుమానమైంది. నిన్ననే విజిలెన్సోళ్లకు పంపిన."

"ఏం పంపినవ్?"

"నీ కార్డు మీద మోసం జరిగిందని. ఆపరేషన్ అయినంక పేషంటును మంచం మీద ఫోటో తీస్తరు. గది నాకు కనవడది గని పెద్దసార్లకు కనవడ్తది. గా మొఖం వట్టుకొని రేపు ఇంటికే వస్తరు."

"అయ్యో! వాపసు తీస్కో. నీ కాళ్లు మొక్కుత బిడ్డా, వాపసు తీస్కో!"

"లే పెద్దమ్మా, లే. అందరు సూస్తున్రు. పంపినంక నా చేతుల లేదు. నీ కోసమే కద పంపిన."

"ఓ దేవుడా, ఎంత పని జేస్తివే... మీ అమ్మకు మూడేండ్ల కింద సంచి ఆపరేషన్ యాడయింది బిడ్డా?"

"మా అమ్మ ముచ్చట ఇప్పుడెందుకు? నాయిన పనిచేసిన బొగ్గు కంపెనీ దవాఖానల అయింది. నేనప్పుడు వరంగల్‌ల హాస్టల్ల ఉన్న."

"కంపెనోళ్లని మీకు తెల్లకార్డు ఇయ్యకపోయిరి. నాగాలైనయని మీ నాయినను డ్యూటీలకెల్లి తీసేసినంక కంపెనీ దవాఖానల రానియ్యకపోయిరి. మరి ఎట్లయితది బిడ్డా?"

"నాయిన నౌకరి పోయింది అమ్మ ఆపరేషన్ తర్వాత కద?"

"ముందే పోయింది బిడ్డా. నీ సదువు ఆగుతదని నీకు తర్వాత చెప్పిన్రు."